పిలుపుకు బదులు

పోయిన వారం రాసిన భాగంలో మమ్మల్ని నెమిలగూడలో, ఆయతి అవ్వ ఇంటి ముందు, మూసిన తలుపుకు ఎదురుగా ఎండలో నిలబెట్టి వదిలేశాను. అక్కడి నుంచే చెప్తాను.

మమ్మల్ని అంటే ముగ్గురిని. వైద్యం బండి డాక్టరు నవీన్‌కుమార్ గారు. బచేలిలో కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగూ హిందీ వచ్చు, ఈ ఊళ్ళవాళ్ళు మాట్లాడే దోర్లి ఒక్క ముక్క రాదు. బండి తోలే మంగల్. డాక్టరు మాటను ఊరివాళ్ళకీ, ఊరివాళ్ళ మాటను డాక్టరుకీ చేర్చే నేను, అనుపమని. కొంటలో కిరాణా కొట్టు శ్రీరంగం గారి కూతుర్ని. తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. నా చంకలో ఎనిమిది నెలల పాప. పాలు తాగే పిల్లని ఇంట్లో వదిలి రాలేక వెంట తెచ్చుకుంటాను. దానికి ఎండ తగులుతుందేమో, జ్వరం వస్తుందేమో అని దారంతా దాని నుదురు తడుముతూనే ఉంటాను.

తలుపు వెనక ఉన్నది ఆయతి కోడలు కోసి. ఎనిమిదో నెల. మొగుడు పేరు ఉంగ, మిరపకాయలు కోసే కూలికి తెలంగాణ వైపు వెళ్ళి నెలన్నర. అంతకుముందు గురువారం ఏటి దగ్గర నీళ్ళు ముంచుకుంటూ కనిపించింది. ముఖం ఉబ్బి ఉంది, కాళ్ళు రోకళ్ళలా ఉన్నాయి. "అక్కా, తలకాయ పగిలిపోతుంది. కళ్ళ ముంగట మిణుగురులు ఎగురుతున్నయ్" అంది. అది పట్టపగలు.

ఆ మాట చేర్చగానే డాక్టరు గారి ముఖం మారిపోయింది. భద్రాచలం తీసుకుపోకపోతే ఫిట్స్ వస్తాయనీ, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చనీ చెప్పారు. కోసికి రావాలనే ఉంది. కానీ అత్త ఊఁ అనందే బండి ఎక్కదు. ఆ అత్త మూడు గురువారాలుగా మాకు తలుపు తీయలేదు.

"ఇంకోసారి పిలవండి అనుపమ గారూ" అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

"పిలిస్తే తీయరు సార్. కూర్చుందాం."

ఈ పనికి జగదల్‌పూర్‌లో మూడు రోజులు నేర్పించారు. చెప్పింది చెప్పినట్టు చెప్పు, కలపకు, తీయకు అన్నారు. పరాయి వాకిట్లో ఎలా కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నాకు ముందే తెలుసు. కుర్చీ అడగకూడదు. ఇంటివాళ్ళకంటే కింద కూర్చోవాలి. మొదటే ప్రశ్న వేయకూడదు. ఇప్పపూలు ఎట్లా రాలాయనో, పిల్లకి పళ్ళు వస్తున్నాయనో గాలితో చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ ఉండాలి. వినేవాళ్ళు తలుపు వెనక వింటూనే ఉంటారు.

నేలమీద కూర్చుని అలాగే మాట్లాడుతున్నాను. ఊళ్ళో అలికిడి లేదు. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ఆయతి వాకిట్లో పదీ పదిహేను కోళ్ళు మాత్రం మట్టి కెలుకుతున్నాయి.

అప్పుడు పాప ఏడుపు అందుకుంది. పాలు పట్టాను, తాగలేదు. ఊపాను, ఆగలేదు. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఇంట్లో చేసే పని చేశాను. గొంతు కిందికి దించి "బో… బో… బో…" అని, నాలుకతో రెండుసార్లు టక్కుమనిపించి, చివర సన్నగా "ఊ…య్" అని పైకి తీశాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో నంద అక్క కోళ్ళను అలా పిలిచేది. పాప దానికొక్కదానికే ఊరుకుంటుంది.

ఊరుకుంది.

కోళ్ళు కూడా ఆగిపోయాయి.

అన్నీ ఒక్కసారే తలలెత్తాయి. కెలకడం మానేశాయి. ఒక కాలు పైకెత్తిన పుంజు ఆ కాలు దించలేదు. ఒక్కటీ నా వైపు రాలేదు, ఒక్కటీ పారిపోలేదు. దేనికోసమో చెవి ఒగ్గినట్టు నిలబడ్డాయి.

"ఏంటండీ ఇది?" అన్నారు డాక్టరు గారు, గొంతు తగ్గించి.

మూసిన తలుపు వెనక నుంచి జవాబు వచ్చింది. రెండు టక్కులు, తర్వాత బరువుగా కిందికి జారే "ఓ…య్". అంతే. కోళ్ళన్నీ నేలను ఊడ్చుకుంటూ ఆ తలుపు వైపు పరుగెత్తాయి. తలుపు తెరుచుకుంది.

ఆయతి అవ్వ గడపలో నిలబడింది. రెండు కళ్ళకీ తెల్లటి పొర. కోళ్ళు ఆమె కాళ్ళ సందుల్లోంచి లోపలికి దూరుతున్నాయి. ఆమె తలుపు తీయాలని తీయలేదు. అలవాటుపడిన గొంతు జవాబిచ్చింది, అలవాటుపడిన చెయ్యి గడియ తీసింది.

"నా కోళ్ళను పిలిచిందెవరు?"

ఆమె అన్నది దోర్లిలో. మీకోసం తెలుగులోకి దించి రాస్తున్నాను.

"నేనే అవ్వా. పిల్ల ఏడుస్తుంటే తెలియక పిలిచిన. తప్పయింది."

ఆమె తల ఓ పక్కకు వంచింది. "మళ్ళీ మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్నా. ఆపకు."

పాపకి పళ్ళు వస్తున్నాయనీ, చిగుళ్ళు దురదపెట్టి రాత్రంతా ఏడ్చిందనీ, నాకు నిద్ర లేదనీ చెప్పాను. చెప్తుండగా ఆమె చెయ్యి చాచి, గాలిలో వెతుక్కుని, నా నోరు ముట్టుకుంది. ఎండు పుల్లల్లాంటి వేళ్ళు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా పెదాల మీదే ఉన్నాయి.

"ఈ నోరు ఏడది నీకు?"

"కొంటలో మా ఇంట్ల ఉండె నంద అక్క నేర్పింది. ఆమె చేతులనే పెరిగిన."

వీధిలో ఎక్కడో ఒక తలుపు కిర్రుమంది. ఇంకొకటి. ఎవరూ బయటికి రాలేదు.

"నంద నా కడుపున పుట్టింది" అంది ఆయతి. "ఊళ్ళు ఖాళీ అయిన ఏడు నేను సిన్న పోరడిని సంకనేస్కొని అడివిల పడ్డ. నంద ఈడొచ్చిన పిల్ల, ఇరవై దాటింది, జనంతోని సర్కారు శిబిరానికి పోయింది. కొంటల కోమటోళ్ళ ఇంట్ల పని దొరికిందని కబురొచ్చింది. ఆ ఎనక కబురు లేదు. పందొమ్మిదేండ్లు. నా బిడ్డ ఏది?"

"ఏమంటున్నారండీ?" డాక్టరు గారు అడిగారు.

"పాప గురించి అడుగుతున్నారు సార్" అన్నాను.

ఈ పనిలో చేరాక ఒక మాటను దారిలో పారేయడం అదే మొదలు.

నాకు తెలిసింది ఎంతని? అప్పుడు నాకు ఐదారేళ్ళు. ఒకరోజు పొద్దున లేచేసరికి నంద అక్క లేదు. "ఊరికి పోయింది" అన్నాడు నాన్న. ఆ సాయంత్రం మా కోళ్ళు గూటికి రాలేదు. నేను పెరట్లో నిలబడి ఆమెలా పిలిచాను. ఇందాకటిలాగే అవి తలలెత్తి నిలబడ్డాయి, రాలేదు. నాలుగైదు సాయంత్రాలు పిలిచాను. చివరిరోజు నాన్న వచ్చి నా చెంప మీద కొట్టాడు. ముందూ కొట్టలేదు, తర్వాతా కొట్టలేదు. "ఆ పిలుపు ఇంకోపాలి నీ నోట్లోంచి రావద్దు" అన్నాడు. ఆ వారమే అమ్మ కోళ్ళన్నిటినీ సంతకు పంపేసింది.

"ఊరికొచ్చిందనే చెప్పిండు మా నాయన" అన్నాను.

"రాలే."

"అవ్వా, కోళ్ళు నా పిలుపుకు ఎందుకు రాలేదు?"

"పిలుపు ఇంటే కోడి తలెత్తుతది. బదులు ఇంటేనే కదులుతది. ఏ ఇంటి పిలుపు ఆ ఇంటిదే, ఏ ఇంటి బదులు ఆ ఇంటిదే. పిలుపంటవా, పిల్లలకు గూడ నేర్పుతం. బదులు నేర్పం. ఆడపిల్ల మనువుకు పోయేటప్పుడు కోళ్ళ జంటతోని పాటు బదులు తీస్కపోతది. మొగుడొక్కనికే సెప్తది. సెప్పిందంటే అదే లగ్గం." ఆమె నా చుబుకం పట్టుకుంది. "నీకు నేర్పిందా?"

"లేదు. నేను పిలిస్తే తను గోడ అవతలికి పోయి నాకు వినపడకుండా ఏదో అనేది, కోళ్ళు అటు పోయేవి. ఎందుకో తెలియలేదు."

"నేర్పదు. మంచి పిల్ల" అంది. ఆ పొరలు కమ్మిన కళ్ళలో నీళ్ళు నిలిచాయి గానీ జారలేదు.

ఈలోగా కోసి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. డాక్టరు గారు ఇక ఆగలేదు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి బీపీ చూశారు. రెండోసారి కూడా చూశారు. "నూట డెబ్బై దాటింది. ఇప్పుడే బయల్దేరాలి. చెప్పండి, ఏం దాచకుండా చెప్పండి."

చెప్పాను. ఫిట్స్ అన్న మాటకి దోర్లిలో ఒక్క మాట లేదు. ఒళ్ళు మెలితిరిగి నాలుక కొరుక్కునే జబ్బు అని చెప్పాను. ఆయతి అంతా వింది.

"పంపుతా" అంది.

నా గుండె కుదుటపడబోయింది. ఆమె వేలెత్తింది.

"బండి మీ కొంట మీదనుంచే పోవాలె గద? మీ ఇంటికాడ ఆపాలె. నేనొస్తా. వాకిట్ల నిలబడి పిలుస్తా. నంద ఆ ఇంట్ల బతికుంటే బదులిస్తది. ఆ మన్నుల ఉన్నా బదులిస్తది. బదులు రాకపోయిందనుకో, నా కోడల్ని దించుకుంటా, నడిపించుకుంటనే ఎనక్కి తెచ్చుకుంటా. ఒక ఆడపిల్లను మీ కొంటకు ఇచ్చి సూసిన. ఇంకోదాన్ని ఇయ్య."

"అవ్వా, అంతదూరం నడిస్తే కోసి బతకదు."

"ఈడ సస్తే నా ముంగట సస్తది. యాడ సచ్చిందో తెల్వకుండ ఉండదు."

డాక్టరు గారితో మాత్రం, "వస్తారట సార్. దారిలో మా ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆపమంటున్నారు" అన్నాను. రెండో మాట కూడా దారిలోనే పారేశాను.

"ఒక్క నిమిషమేనండీ" అన్నారాయన.

బండిలో కోసి పొడవాటి సీటు మీద ఎడమవైపు తిరిగి పడుకుంది. తల నా ఒడిలో. పాపని రెండో చేత్తో పట్టుకున్నాను. ఆయతి ముందు సీట్లో నిటారుగా కూర్చుంది, చూపున్న మనిషిలా దారి వైపే ముఖం పెట్టి.

"అక్కా, ఆసుపత్రిల నాతోని ఉంటవా? ఆళ్ళ మాట నాకు సమజ్ కాదు" అంది కోసి.

"ఉంటా."

"ఒట్టు?"

"పాప మీద ఒట్టు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేశాను.

రోడ్డు కొత్తది, బండి నిమ్మళంగానే పోతోంది. మా ఇంట్లో బదులిచ్చేవాళ్ళు ఎవరున్నారు? అమ్మ మంగాదేవి. ఆమెది భద్రాచలం అవతల. ముప్ఫై ఏళ్ళుగా కొంటలో ఉంటున్నా ఆమెకి దోర్లిలో వచ్చినవి ఉప్పూ కారం ధరలే. ఇంకొకరు నాన్న. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, దాంతోపాటు మాటా పోయింది. నీళ్ళు కావాలన్నా "బ్బ", దుప్పటి కావాలన్నా "బ్బ". మనవరాలిని చూపించినా అంతే.

బదులు రాదు. కోసిని దించేస్తారు.

అప్పుడు నాకా ఆలోచన వచ్చింది. ఆ బదులు నేను ఇవాళ విన్నాను కదా. రెండు టక్కులు, కిందికి జారే ఒక కూత. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ నా నోటితో తిరిగి పలికేదాన్ని, ఇదొక్కటి పలకలేనా? లోపలికి పోయి తలుపు చాటున నిలబడితే చాలు. పెదాలు కదలకుండా, గొంతులోనే, ఒకసారి పలికి చూసుకున్నాను.

ఒడిలో కోసి కళ్ళు తెరిచింది. "అక్కా, అది నువ్వు అనకు" అంది.

"ఎందుకే?"

"మనిషిని పిలిచినప్పుడు బదులు సచ్చినోళ్ళ వంతు."

కానీ ఆమె ముఖం ఇంకా ఉబ్బింది, కనురెప్పలు కొట్టుకుంటున్నాయి. ఎవరి వంతైనా సరే అనుకున్నాను.

కొంట చేరేసరికి మూడు దాటింది. వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది, కొట్లన్నీ భోజనాల వేళకు మూసి ఉన్నాయి. మంగల్ బండి ఆపాడు గానీ ఇంజను ఆపలేదు. "మేడం, జల్దీ" అన్నాడు. నేను ఆయతిని దింపి మా వాకిట్లో నిలబెట్టాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ అరుగు మీద ఉంది.

"ఎవరే ఈమె?"

"వైద్యానికి తీసుకుపోతున్నామమ్మా. ఒక్క నిమిషం. పాపకి గుడ్డ మార్చి వస్తా."

అబద్ధం చెప్పి లోపలికి పోయాను. నడవ చివర, పెరటి తలుపు చాటున నిలబడ్డాను. ఇక్కడి నుంచి ఖాళీ కోళ్ళగూడు కనిపిస్తుంది. పందొమ్మిదేళ్ళుగా అందులో ఒక్క ఈక లేదు, అయినా ఎవరూ దాన్ని తీసి పారేయలేదు. ఎందుకు తీయలేదో ఆ క్షణం దాకా నేను అనుకోనే లేదు. పాపని గుండెకి హత్తుకున్నాను. దాని గుండె పిచ్చుకలా కొట్టుకుంటోంది, లేకపోతే అది నా గుండేనేమో.

వాకిట్లోంచి పిలుపు వచ్చింది.

"బో… బో… బో…" రెండు టక్కులు. "ఊ…య్."

ఇంట్లో గాలి ఆగినట్టయింది. పాప తల ఎత్తింది, నెమిలగూడ కోళ్ళు ఎత్తినట్టే. నేను నాలుకను అంగిలికి ఆనించి నోరు తెరిచాను.

నేను పలకలేదు. కానీ బదులు వచ్చింది.

రెండు టక్కులు, స్పష్టంగా. తర్వాత బరువుగా, కిందికి జారుతూ, "ఓ…య్". నాకు ఎడమవైపున్న గదిలోంచి. నాన్న గదిలోంచి.

తలుపు తోశాను. నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నన్ను చూడలేదు. కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. రెండేళ్ళుగా వంకరపోయిన ఆ నోరు తిన్నగా ఉంది. ఇంకొకసారి, గూటికి చేరని కోడిని బుజ్జగిస్తున్నట్టు, నెమ్మదిగా, "ఓ…య్" అన్నాడు. తర్వాత నోరు మళ్ళీ పక్కకు జారిపోయింది. "బ్బ" అన్నాడు. కంట్లోంచి నీరు చెవిలోకి కారింది.

నేను గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. ఆయతి కదలకుండా నిలబడి ఉంది. ఆ బదులు ఎవరికి నేర్పుతారో ఆ వాకిట్లో తెలిసింది మా ఇద్దరికే.

ఆమె తడుముకుంటూ బండి దాకా నడిచి, కోసి తల మీద చెయ్యి పెట్టింది. "పో బిడ్డా. బిడ్డను తీస్కొని రా." తిరిగి వచ్చి మా గడప మీద కూర్చుంది, అడగకుండానే, హక్కున్న మనిషిలా. "నేనీడనే ఉంటా. నా అల్లుడు మాట్లాడిండు."

"ఏమంటోందే?" అంది అమ్మ. చేట ఒడిలో అలాగే ఉంది.

బండిలోంచి డాక్టరు గారు, "అనుపమ గారూ, టైం లేదండీ! ఏమంటున్నారు?" అని కేకేశారు.

ఉదయం నుంచి రెండు మాటలు దారిలో పారేశాను. మూడోది నా చేతుల్లోంచి జారలేదు. కలపకు, తీయకు. అమ్మ ముఖంలోకి చూస్తూ, ఆయతి అన్నది అన్నట్టే తెలుగులో చెప్పాను.

"నా అల్లుడు మాట్లాడిండు అంటోందమ్మా."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె బియ్యంలో చేతికి తగిలిన రాయిని ఏరి అవతల పడేసింది. చేట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మంగల్ హారన్ కొట్టాడు. కోసి మూలుగు వినిపించింది. పాప మీద పెట్టిన ఒట్టు నన్ను బండి వైపు లాక్కుపోయింది. ఎక్కి కూర్చుని, కోసి తల మళ్ళీ ఒడిలోకి తీసుకున్నాను. బండి కదిలింది.

అప్పుడు విన్నాను. మా అమ్మ గొంతు. తడబాటు లేకుండా, నెమిలగూడలో పుట్టినదానిలా, దోర్లిలో.

"లోపలికి రా, అక్కా. పెరట్లకు రా, కోళ్ళగూటి కాడికి. నందను సూపిస్త."

వెనక అద్దంలోంచి చూశాను. అమ్మ ఆయతి చెయ్యి పట్టుకుని లేపింది. ఆయతి ఏదో అడిగింది. అమ్మ ఆగి, వంగి, ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆయతి తలూపింది. మళ్ళీ అడిగింది. అమ్మ మళ్ళీ చెప్పింది.

మధ్యలో నేను లేకుండానే వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు.